కాగితం మీద గేదె

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని ఒక పల్లెలో డ్వాక్రా సంఘాల లెక్కలు రాయడం ఇరవై ఏళ్లుగా నా పని. ప్రభుత్వ కాగితాల్లో నా హోదా గ్రామ సంఘ సహాయకురాలు. ఊళ్లో మాత్రం ఇప్పటికీ యానిమేటరమ్మ అనే పిలుస్తారు. అప్పుల పుస్తకంలో ‘అప్పు దేని నిమిత్తం’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన మాట ‘పాడి గేదె’. నా పుస్తకాలను నమ్మితే మా ఊళ్లో ఇంటికి రెండు గేదెలైనా ఉండాలి. పొద్దున్నే పాలకేంద్రం దగ్గర పోసే పాలను చూస్తే అందులో సగం గేదెలు కూడా లేవని ఎవరికైనా తెలిసిపోతుంది. లేని గేదెలు ఏమయ్యాయో నాకు తెలుసు, వాటిని కాగితం మీద కట్టేసింది నేనే గనుక. కొన్ని పెళ్లిళ్లకు పోయాయి, కొన్ని పిల్లల కాలేజీ ఫీజులకు పోయాయి. చాలా భాగం మాత్రం పట్నంలోని నర్సింగ్ హోముల్లో గర్భసంచి తీయించుకునే ఆపరేషన్లకు పోయాయి. ఈ ఉత్తరం వాటి గురించే.

ఆడవాళ్ల ఆరోగ్యం అనగానే కాన్పుల గురించి, రక్తహీనత గురించి, ఈ మధ్య రొమ్ము కేన్సర్ గురించి పత్రికల్లో వస్తున్నాయి. రావలసినవే. ముప్పై, ముప్పై రెండేళ్ల మనిషి గర్భసంచి లేకుండా ఇంటికి తిరిగి రావడం గురించి మాత్రం అంతగా రాయరు. మా వైపు అది వార్త కాదు గనుక రాయరేమో. కేంద్ర ప్రభుత్వం 2019–21లో జరిపిన ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల వయసు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైన ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదిమందికి దగ్గరగా ఉన్నారు. అంతకుముందు 2015–16లో జరిపిన నాలుగో విడతలోనూ మన రాష్ట్రం అంకె ఇంచుమించు అంతే. దేశంలో జరిగే ఈ ఆపరేషన్లలో అధిక భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని, ఎందుకు చేయించుకున్నారంటే సగానికి పైగా ఆడవాళ్లు నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం, నొప్పి అనే కారణమే చెప్పారని కూడా ఆ సర్వేలు తేల్చాయి. నేను కూర్చునే సంఘంలో పదిమందిమి ఉన్నాం. ముగ్గురికి గర్భసంచి లేదు. ఆ ముగ్గురికీ ఆపరేషన్ నాటికి నలభై నిండలేదు.

వారిలో ఒకరు మా చిన్న తోడికోడలు. ఆమె పేరు రాయను గానీ, ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించి, ఒప్పుకున్నాకే పంపుతున్నాను. ఆమెకు 29వ ఏట ఆపరేషన్ జరిగింది. అప్పటికి ఆరు నెలలుగా తెల్లబట్ట అవుతోంది, నడుము నొప్పి వదలడం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ నాలుగు సూదులు వేసి, తగ్గకపోయేసరికి తనే ఆటో మాట్లాడి పట్నంలోని ఒక ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ స్కానింగ్ తీసి, సంచికి వాపు ఉందని, ముఖద్వారం దగ్గర పుండు ఉందని, అశ్రద్ధ చేస్తే కేన్సర్‌లోకి దిగుతుందని చెప్పారు. కేన్సర్ అనే మాట చెవిన పడ్డాక మాలో ఎవరికీ నోరు పెగల్లేదు. మూడో రోజుకల్లా ఆపరేషన్ అయిపోయింది. తీసేసినదాన్ని నర్సు స్టీలు ట్రేలో పెట్టి బయటకు తెచ్చి, వరండాలో కూర్చున్న మా మరిదికి, అత్తకు, నాకు చూపించింది. గుప్పెడంత ఉంది. దానికి అటూ ఇటూ బాదంగింజల్లాంటివి రెండు ఉన్నాయి. అవేమిటో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ‘పోనీలే, పీడ వదిలింది’ అంది. అయిన ఖర్చు 45 వేల రూపాయలు. అందులో 30 వేలు సంఘం అప్పు. పుస్తకంలో గేదె అని రాసింది నేనే.

నడుము నొప్పి తగ్గలేదు. ఏడాది తిరగకముందే ఒంటి మీద వేడి ఆవిర్లు మొదలయ్యాయి. నడిరాత్రి చెమటతో తడిసి లేచి కూర్చునేది, గుండె దడదడలాడేది, ఊరకే ఏడుపు వచ్చేది. బలం తగ్గిందన్నారు గనుక ఆరు నెలలకోసారి గ్లూకోజు బాటిళ్లు ఎక్కించుకునేది. 36వ ఏట గడప తగిలి బోర్లా పడితే మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే వంక చూసి, ఆమె వంక చూసి, వయసు రెండోసారి అడిగి, ‘నీకు ముట్టు ఎప్పుడాగిందమ్మా?’ అన్నాడు. పాత డిశ్చార్జి కాగితం తెమ్మన్నాడు. రేషన్ కార్డుతోపాటు ఏడేళ్లుగా ట్రంకు పెట్టెలో భద్రంగా దాచుకున్న ఆ ఇంగ్లీషు కాగితంలో, గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసివేసినట్టు ఒక వాక్యం ఉంది. మేము ట్రేలో చూసిన బాదంగింజలు అవే.

ఈ తేడా ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్న ఆడవాళ్లకు కూడా తెలియకపోవడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది గనుక ఇక్కడ కొంచెం నిలిచి చెబుతాను. గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. బిడ్డను మోసేది సంచి. ఎముకను, గుండెను, చర్మాన్ని, నిద్రను కనిపెట్టుకొని ఉండే ఈస్ట్రోజెన్ అనే హార్మోను వచ్చేది అండాశయాల నుంచి. మామూలుగా 45–50 ఏళ్ల మధ్య ముట్టు ఆగే వరకు అవి పనిచేస్తూనే ఉంటాయి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతాయి. వాటిని ముప్పై ఏళ్లలోపే తీసేస్తే ఇరవై ఏళ్ల మార్పు శరీరానికి ఒక్క రాత్రిలో వచ్చిపడుతుంది. ఎముకలు పలచబడతాయి, గుండె జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. సంచి ఒక్కటే తీసి అండాశయాలను ఉంచినా, కొందరిలో అవి కూడా కొన్నేళ్లు ముందుగానే చల్లబడతాయి. ఏ జబ్బు వల్లనైనా వాటిని తీయక తప్పనప్పుడు, వయసు చిన్నదైతే హార్మోను మాత్రలు వాడాలా వద్దా అని డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడాలి, కాల్షియం, విటమిన్ డి సంగతి చూడాలి. మా తోడికోడలికి ఇందులో ఒక్కటీ జరగలేదు. ఆమెకు గ్లూకోజు జరిగింది.

ఆమెకు అసలు ఉన్న జబ్బేమిటి? తెల్లబట్టలో కొంత ప్రతి ఆడమనిషికీ మామూలుగా అయ్యేదే. వాసన, దురద, రంగు మారడం ఉంటే అది చాలావరకు ఇన్ఫెక్షన్. వారం పది రోజులు మాత్రలు వాడితే తగ్గుతుంది, కొన్ని రకాలకు మొగుడూ వాడాలి. ‘సంచి వాపు’ అని మనవాళ్లు తెలుగు చేసి చెప్పే మాట స్కానింగ్ కాగితంలో చాలాసార్లు ‘సంచి కాస్త పెద్దదిగా ఉంది’ అనే ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలను కన్న సంచి కాస్త పెద్దదిగా ఉండటం జబ్బు కాదు. ముఖద్వారం దగ్గర ఎర్రగా కనిపించే దాన్నల్లా పుండు అంటున్నారు. అది చాలామందిలో కేన్సరూ కాదు, కేన్సర్‌కు మొదలూ కాదు. నిజంగా అనుమానం ఉంటే దాన్ని తేల్చడానికి చవకైన పరీక్ష ఉంది. ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వినిగర్ లాంటిది, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. అనుమానించదగ్గ చోటు తెల్లగా తేలుతుంది. అక్కడి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే సంగతి తెలుస్తుంది. ముప్పై దాటిన ఆడవాళ్లకు ఈ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలోనే ఉంది. అయినా ఐదో సర్వే నాటికి దేశంలో 30–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి ముఖద్వార కేన్సర్ పరీక్ష ఎప్పుడైనా ఒక్కసారి చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. పరీక్ష లేనిచోట భయం రాజ్యం చేస్తుంది, భయపెట్టినవాడి మాట చెల్లుతుంది.

నేనూ ఆ ట్రే దాకా పోయి వెనక్కు వచ్చినదాన్నే. 35వ ఏట నాకు నెలకు పదేసి రోజులు రక్తం పోయేది, గడ్డలు గడ్డలుగా పడేది. అదే తరహా ఆసుపత్రిలో అదే తరహా స్కానింగ్ తీసి, సంచిలో రెండు సెంటీమీటర్ల గడ్డ ఉందని, సంచి తీసేయడమే దారి అని చెప్పి ఐదు వేలు అడ్వాన్సు కట్టించుకున్నారు. సరిగ్గా అప్పుడే మా అమ్మ కాలు జారి పడి ప్రభుత్వాసుపత్రిలో చేరితే తోడుకు పోయాను. మంచం పక్కన నిలబడి ఉన్నదాన్ని కళ్లు తిరిగి కూలబడ్డాను. రక్తం చూస్తే హిమోగ్లోబిన్ ఏడు. ఉండవలసింది పన్నెండు. అక్కడి లేడీ డాక్టరు ముందు రక్తం పట్టించే సంగతి చూసి, ఆ తర్వాత ఇంకో సీసాలో రక్తం తీయించి థైరాయిడ్ పరీక్షకు పంపింది. థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. అది తక్కువైతే నెలసరిలో రక్తం ఎక్కువగా పోవచ్చన్న సంగతి అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. సంచి లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేయించి, భయపడాల్సింది లేదని తేల్చింది. రోజూ పరగడుపున వేసుకునే చిన్న థైరాయిడ్ మాత్ర, రక్తం పోయే రోజుల్లో మాత్రమే వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, ఐరన్ మాత్రలు రాసింది. ఐరన్ మాత్ర వేసుకున్నాక గంటసేపు టీ తాగవద్దని మూడుసార్లు చెప్పింది, అంటే నా మొహం చూడగానే టీ మనిషినని తెలిసిపోయిందేమో. ఎనిమిది నెలలు పట్టింది గానీ కుదుటపడ్డాను. ఆ రెండు సెంటీమీటర్ల గడ్డ అలాగే ఉండి, 47వ ఏట ముట్టు ఆగాక తనే కుంచించుకుపోయింది. కట్టిన అడ్వాన్సు తిరిగి రాలేదు. నా జీవితంలో పోగొట్టుకున్నందుకు బాధపడని ఐదు వేలు అవొక్కటే.

నాకు పనిచేసింది అందరికీ పనిచేస్తుందని నేను చెప్పను. మాత్రలతో లొంగనివారికి ఐదేళ్లపాటు పనిచేసే హార్మోను లూపు ఉంది. చిన్న కండ కాయలు ఉంటే వాటిని మాత్రమే తీసే పద్ధతులు ఉన్నాయి. కేన్సర్ తేలినా, గడ్డలు పెద్దవై మూత్రానికి అడ్డం వస్తున్నా, సంచి పూర్తిగా జారిపోయినా, కాన్పులో రక్తం ఆగక ప్రాణం మీదికి వచ్చినా ఆ ఆపరేషన్ చేయవలసిందే, చేసే డాక్టరు చేతులకు దండం పెట్టవలసిందే. నా ఫిర్యాదు ఆపరేషన్ మీద కాదు. చివరి మెట్టు మీద ఉండవలసినదాన్ని మొదటి మెట్టు మీద పెట్టి కూర్చోవడం మీద.

అయితే తప్పంతా ఆసుపత్రుల మీదికి నెట్టేస్తే నేను అబద్ధం రాసినదాన్నవుతాను. మా ఆడవాళ్లలో సగం మంది ఆ ఆపరేషన్‌ను తామే అడుగుతారు. ఎందుకు అడుగుతారో తెలియాలంటే సంక్రాంతి దాటాక మా మెట్టకు రావాలి. పొగాకు ఆకు రెలుపు, అంటే మొక్క నుంచి ఆకు కోయడం, మొదలవుతుంది. తెల్లవారుజామున మగవాళ్లు రెలిచి తెచ్చిన ఆకును ఆడవాళ్లు బ్యారన్, అంటే ఆకును వేడికి ఎండబెట్టే కొట్టం, దగ్గర చెట్టు నీడన కూర్చొని కర్రలకు అల్లుతారు. కూలి లెక్క కర్రల మీద ఉంటుంది, గంటల మీద కాదు. లేచి వెళితే కర్ర తగ్గుతుంది. లేచి వెళ్లడానికి చోటు కూడా లేదు. చుట్టూ బోడి చేలు, కంపచెట్టు చాటు ఉంటే ఉంది, లేకపోతే లేదు. అందుకని పొద్దుటి నుంచి నీళ్లు తాగరు. మూత్రం బిగబట్టుకుంటారు. ముట్టు రోజుల్లో కట్టుకున్న బట్ట సాయంత్రం దాకా మార్చుకోరు, ఆకు జిగురు పట్టి నల్లబడిన చేతులతో మార్చుకోలేరు. మూత్రంలో మంట, ఒరుసుకుపోయిన తొడలు, తెల్లబట్ట, అన్నీ అక్కడే పుడతాయి. తర్వాత గ్రేడింగ్ పనికి పోతే మూడు నెలలు ఆ దుమ్ములోనే. ఇలాంటి మనిషికి పక్కన కూర్చున్న ఇంకో మనిషి, ‘పిల్లలు చాలనుకున్నాక ఆ సంచిని ఎందుకు మోసేదమ్మే, తీయించేసుకో, నెలనెలా ఈ గోల ఉండదు’ అంటే, ఆ మాట సలహాలాగా కాదు, వరంలాగా వినిపిస్తుంది. మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరకు కోత ఆడకూలీల్లో చాలామందికి గర్భసంచులు లేవని 2019లో పెద్ద దుమారం లేచినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. మా ఊళ్లో ఆ వార్త చదివి వినిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఇంకో సంగతి. మన రాష్ట్రంలో పిల్లల ఆపరేషన్, అంటే ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, చేయించుకున్న వివాహిత స్త్రీలు నూటికి దాదాపు 70 మంది అని అదే ఐదో సర్వే చెబుతోంది, అందులో దేశంలో మనదే పైచేయి. మగవాళ్ల ఆపరేషన్ నూటికి ఒక్కటి కూడా లేదు, ఆ పైచేయి ఎవరి ఒంటి మీద వచ్చిందో చెప్పడానికే ఈ ముక్క రాశాను. మా వైపు పిల్లల ఆపరేషన్ ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే అయిపోతుంది. ఆ రోజుతో ఆమె పేరు ఆశా కార్యకర్త పుస్తకంలోంచి జారిపోతుంది. గర్భిణులకు ఒక పుస్తకం, బాలింతలకు ఒకటి, టీకాల పిల్లలకు ఒకటి. ముప్పై ఏళ్ల వయసులో, ఇద్దరు పిల్లలతో, ఆపరేషన్ అయి, రక్తం పోతూ తిరిగే మనిషి ఏ పుస్తకంలోనూ లేదు. రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనతతో ఉన్నారన్న అంకెను వల్లె వేస్తాం గానీ, ఆ రక్తంలో ఎంత నెలనెలా పోతున్నదో ఎవరూ అడగరు. ఆమెను అడిగేవాడు ఆర్‌ఎంపీ ఒక్కడే. అతను ఆటో కూడా మాట్లాడతాడు.

చట్టం, న్యాయం ఈ వైపు చూడలేదని కాదు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారని 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని, ముఖ్యంగా నలభై ఏళ్లలోపు వారికి చేసే ప్రతి గర్భసంచి ఆపరేషన్‌నూ కారణంతో సహా నమోదు చేయాలని వాటి సారాంశం. అవసరం లేకుండా, ఆమెకు అన్నీ తెలియజెప్పి ఒప్పించకుండా ఈ ఆపరేషన్ చేసిన ఆసుపత్రులను నల్లజాబితాలో పెట్టాలని కూడా కోర్టు అంది. ఆ జిల్లా కమిటీ లెక్క మా సచివాలయం నోటీసు బోర్డు మీద నేనింతవరకు చూడలేదు. రేషన్ బియ్యం లెక్క అంటించిన చోటనే దాన్నీ అంటించవచ్చు. మండలాల వారీగా ఎన్ని ఆపరేషన్లు, వయసులు ఎంతెంత, బయాప్సీ నివేదిక ఉన్నవి ఎన్ని. పేర్లు అక్కర్లేదు.

ఆడవాళ్లు ఒకటనుకుంటే ఏమవుతుందో ఈ జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1992లో మా మెట్ట ప్రాంతపు దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరుకల్లా రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకు ఒక్క రూపాయి దాచుకుందామని పుట్టిందే నెల్లూరు పొదుపులక్ష్మి. అలా రూపాయి రూపాయి కూడబెట్టిన సంఘాల అప్పు ఇవాళ, ఆ ఆడవాళ్ల కూతుళ్ల, కోడళ్ల గర్భసంచులు తీయించడానికి పోతోంది. సారా కొట్టు ఎక్కడుందో కంటికి కనిపించేది గనుక తలుపు మూయించగలిగారు. ఇది ‘పాడి గేదె’ అనే మాట వెనక దాక్కుంది, దాచినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

అందుకని పోయిన నెల మా గ్రామ సంఘం సమావేశంలో ఈ విషయం పెట్టాను. అంత తేలిగ్గా సాగలేదు. ‘నీకు తగ్గింది గనుక చెబుతున్నావు, నా బాధ నీకేం తెలుసు’ అని ఒకామె లేచింది. ఆమె మాటలో న్యాయం ఉంది. ‘కావలికో ఆత్మకూరుకో పోయి ప్రభుత్వాసుపత్రి ఓపీ లైన్లో నిలబడితే రెండు రోజుల కూలి పోతుంది, అక్కడ ఆ రోజు లేడీ డాక్టరు ఉంటుందన్న నమ్మకం ఏమిటి’ అని ఇంకొకామె అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. మా తోడికోడలు అప్పటిదాకా మూలన కూర్చొని ఉంది. విరిగి అతుక్కున్న మణికట్టును ముందుకు చాపి, ‘దీనికి ఎంత కూలి పోయిందో లెక్క వేయండి’ అంది. చివరకు తీర్మానం రాశాం. నా చేతిరాతలోనే ఉంది గనుక ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: ‘గర్భసంచి తీసివేత నిమిత్తం అప్పు కోరు సభ్యురాలి వయస్సు నలభై సంవత్సరములలోపు అయిన యెడల, ప్రభుత్వ ఆసుపత్రి స్త్రీ వైద్యురాలి వద్ద మరియొక అభిప్రాయము తీసుకొని, ఆ చీటీ జతపరచవలెను. అట్లు వెళ్లి వచ్చుటకు అగు దారి ఖర్చు సంఘము భరించును. ప్రాణాపాయ స్థితిలో ఈ నిబంధన వర్తించదు. అప్పు కారణము ఉన్నది ఉన్నట్లుగా వ్రాయవలెను.’ ఆఖరి వాక్యం నా గురించి పెట్టుకున్నది.

మా చేతిలో ఉన్నది అంతవరకే. మిగిలినది జిల్లా అధికారుల చేతిలో ఉంది. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే కాగితం తెలుగులో ఉండాలి, దాని మీద సంతకం మొగుడిది కాదు, ఆమెది ఉండాలి. ఆ కాగితంలో ఏ పరీక్షలు చేశారో, మాత్రలతో ఎన్ని నెలలు చూశారో, అండాశయాలు ఉంచుతున్నారో తీస్తున్నారో, తీస్తే ఎందుకో రాసి ఉండాలి. తీసినదాన్ని ట్రేలో పెట్టి చుట్టాలకు చూపించడం మాని, బయాప్సీకి పంపి ఆ నివేదిక రోగి చేతికి ఇవ్వాలి. ఊళ్లో ఉన్న విలేజ్ క్లినిక్‌లలో నెలకొక రోజైనా ముప్పై దాటిన ఆడవాళ్లకు ముఖద్వార పరీక్ష పెట్టాలి. ఆ గదికి ఒక తలుపు, ఆ తలుపుకు లోపల గడియ ఉండాలి, ఎందుకంటే అది లేకనే మా ఊళ్లో చాలామంది వెనక్కు వచ్చేశారు. బ్యారన్ల దగ్గర ఆకు అల్లే చోట నాలుగు తడికలు కట్టి, ఒక తొట్టి నీళ్లు పెట్టడం రైతుకు పెద్ద ఖర్చు కాదు. పొగాకు బోర్డు క్షేత్ర సిబ్బంది ఆకు నాణ్యత గురించి చెప్పడానికి వచ్చినప్పుడు ఈ ముక్క కూడా చెప్పవచ్చు.

మీ పత్రికను ఒక సాయం అడుగుతున్నాను. నెల్లూరు, ప్రకాశం జిల్లా పేజీల్లో వారానికొకసారి, ఏ ప్రభుత్వాసుపత్రిలో ఏ వారం స్త్రీల వైద్య నిపుణురాలు ఓపీ చూస్తారో, ఏ గది నంబరో, చీటీ ఎన్ని గంటల దాకా ఇస్తారో చిన్న పెట్టె కట్టి వేయండి. మార్కెట్ ధరలు వేసే పక్కన వేసినా చాలు. మా ఊళ్లో పత్రిక వచ్చేది టీ కొట్టుకు, సచివాలయానికి. ఆ ముక్క కత్తిరించి సంఘం గోడ మీద అంటించే పని నాది.

ఇట్లు,
ఒక గ్రామ సంఘ సహాయకురాలు,
కలిగిరి మండలం, నెల్లూరు జిల్లా.